చూసి పోతా

అక్క ఫోన్ చేసేసరికి నేను దుకాణంలో ఒక పెద్దమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగోడ మీది పలకలో చివరి వరస చదవమంటున్నాను. మాది కళ్ళజోళ్ళ దుకాణం. ఆయన ఏటా వచ్చే మనిషి. పలకలోని అక్షరాలన్నీ బట్టీ పట్టేసి, కళ్ళు మూసుకుని కూడా గడగడా అప్పజెబుతాడు. చూపు భేషుగ్గా ఉందని నా చేత అనిపించుకుని, బయటికి వెళ్తూ తలుపుకి కొట్టుకుంటాడు. పలక మారుస్తానంటే పౌరుషం. నేనాయనతో తగువు పడుతుండగా మా యజమాని ఫోన్ తెచ్చి నా చెవికి ఆనించాడు.

“ఆదివారం వస్తున్నా,” అంది అక్క. “చూసి పోతా.”

అంతే, పెట్టేసింది. మా అక్క తీరే అంత. హెడ్‌నర్సుగా చేసి చేసి, మాటల్ని కూడా మందుబిళ్ళల్లాగే వాడుతుంది, అవసరమైతేనే, అదీ పూటకొకటి. అమ్మ పోయాక నన్ను పెంచి పెద్ద చేసింది అక్కే. తను మాత్రం పెళ్ళి మాట తలపెట్టలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు ఆసుపత్రివాళ్ళిచ్చిన క్వార్టర్సులోనే వయసంతా గడిపేసింది. ఈమధ్యే రిటైరయింది. ఇక హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోమని నేను ఫోన్లో సలహా కూడా ఇచ్చాను. ఎక్కడ చాపుకోవాలో మాత్రం నాకు తట్టలేదు, అక్కా అడగలేదు.

చూసి పోతానంది గానీ ఏం చూసి పోతుందో చెప్పలేదు. మన భాషలో ఉన్న సుఖమే అది. దేన్ని చూస్తామో చెప్పకుండానే చూసి పోవచ్చు. నేనూ గుచ్చి అడగలేదు. రాజధానికి వచ్చే మనిషి ఏం చూస్తుంది, ఊరు చూస్తుంది. కోట ఉంది, రాజభవనం ఉంది, మ్యూజియం ఉంది, గుర్రమెక్కిన రాజులు చౌరస్తాకొకరున్నారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే ఇల్లు మాది. అక్క ఊరు చూడ్డానికి వస్తోందని నేను ఇంట్లో అడుగు పెడుతూనే ప్రకటించాను, మా ఆయన కట్టెయ్యడానికి తాడు వెతికాడు.

మా ఆయన నాటక సమాజంలో ప్రాంప్టరు. తెర పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, నటుడెవరైనా మాట మరిచిపోతే ఆ మాట గుసగుసగా అందించడం ఆయన పని. ఏళ్ళ తరబడి గుసగుసలాడి గొంతు అలాగే స్థిరపడిపోయింది. ఉప్పు అందుకోమన్నా గుసగుసే, ఇల్లు కాలిపోతోందన్నా గుసగుసే. పైగా ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపు వాళ్ళ మాట వాళ్ళకి అందించేస్తాడు. రిజిస్ట్రారు ముందు మా పెళ్ళయినరోజు, నీకిష్టమేనా అని రిజిస్ట్రారు నన్నడిగితే, పక్కనించి ‘ఇష్టమే’ అని గుసగుస వినబడింది. నేను ఇష్టమే అన్నాను. ఇష్టం లేక కాదు. కానీ ఆనాటినుంచి నా నోట్లోంచి వచ్చే మాటల్లో నావేవో, ఆయనవేవో నాకే తెలియకుండా పోయింది.

అక్క అంతకుముందు మా ఊరు వచ్చింది ఒక్కసారే, మా పెళ్ళయిన కొత్తలో. అప్పుడు ఏ ఏర్పాటూ లేకుండా బయల్దేరాం. రాజభవనం ముందు పెద్ద వరస కనబడితే అందులో దూరాం. ఎండ నెత్తికెక్కింది, వరస నత్తనడక నడిచింది. తీరా కిటికీ దగ్గరికి చేరాక తెలిసింది, అది రాజభవనం వరస కాదు, పక్క ఆఫీసులో తుపాకీ లైసెన్సులు పొడిగించుకునేవాళ్ళ వరస. గుమాస్తా అక్కని మీ తుపాకీ ఏదమ్మా అన్నాడు. లేదంటే నమ్మలేదు. పోయిందని ఫిర్యాదు రాయించుకునేదాకా వదల్లేదు. సాయంత్రం రైలెక్కుతూ అక్క, మీ ఊరు బాగుంది అని ఒక్క ముక్క అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా డ్యూటీ అనేది. డ్యూటీ ఉన్న మాట నిజమే కావచ్చు, కానీ మనసు కూడా విరిగిందని నా బెంగ. ఈసారి కూడా ఆ ఒక్కరోజు పాడైతే అక్క ఇక మా గడప తొక్కదు. నాకు తోడబుట్టింది తనొక్కతే. ఆ భయంతోనే మా ఆయన చెప్పినదానికల్లా గంగిరెద్దులా తలూపాను.

ఆయన చెప్పింది ఏమిటంటే, పోయినసారి మనం రిహార్సలు లేకుండా ప్రదర్శనకి దిగాం, అందుకే తన్నింది, ఈసారి అలా కాదు, రోజు మొత్తం ముందే ఆడి చూసుకోవాలి. ఊరంతా ఇంట్లోనే పరిచాడు. వంటగది కోట అయింది. స్నానాలగది కోట కింది సొరంగం. హాల్లో అద్దాల బీరువా మ్యూజియం. మంచం మీదనుంచి నడిచి అవతలికి దిగితే పాత వంతెన దాటినట్టు. రాజభవనానికే చోటు దొరకలేదు. మాకో చిన్నగది ఉంది. దాన్నిండా పాత నాటకాల రాతప్రతులు, కట్టలు కట్టలు. ఆ గది ఖాళీ చెయ్యమని పెళ్ళయిన నాటినుంచి నేను మొత్తుకుంటుంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. రాజభవనం ఇరుగ్గా ఉండకూడదని తోచేసరికి ఆయనే ఆ కట్టలన్నీ మోసుకొచ్చి మంచాల కిందికి తోశాడు. నేను గది కడిగి, కిటికీ తెరిచాను. అందులోకి వెలుతురొస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

బస్సు అంటే వరసగా వేసిన కుర్చీలు. ఊళ్ళో బస్సులు వేళకి రావు కాబట్టి ఇంట్లోనూ రానిచ్చేవాడు కాదు. ఫ్రిజ్ పక్కన నిలబడి కాళ్ళు పీకేదాకా ఎదురుచూసేవాళ్ళం. వచ్చిన మొదటి బస్సులో చోటుండేది కాదు, అంటే కుర్చీల మీద ఉతికిన బట్టలు పడేసి ఉంచేవాడు. నేను విసుక్కుంటే, ఇప్పుడు విసుక్కో, ఆదివారం విసుక్కోకు అని గుసగుసగా సముదాయించేవాడు.

ఇక అక్క వేషానికి మనిషి కావాలి. మా మేడమీద పళ్ళావిడ ఉంటుంది. పళ్ళావిడంటే పళ్ళు అమ్ముకునే మనిషనుకునేరు, పళ్ళు చేసే మనిషి. పళ్ళడాక్టరు దగ్గర కట్టుడుపళ్ళు పోత పోస్తుంది. ఒంటరిది, పొద్దు పోదు, సరదాపడి ఒప్పుకుంది. ఒప్పుకున్న మర్నాటికే ఆవిడ నడుం నిటారుగా నిలబడింది. గదిలోకి వస్తూనే కిటికీ తెరిపించేది, మా ఆయన నాడి పట్టుకుని చూసేది, నన్ను నాలుక చాపమనేది. నేను మొదట నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను. అచ్చం అక్కే. అక్కకన్నా నయమేమో కూడా, ఎందుకంటే పళ్ళావిడ మాట్లాడుతుంది. ఒకరోజు వంతెన మీద, అంటే మంచం మీద, మేమిద్దరం నిలబడి ఉండగా, నేనెప్పుడైనా గుర్తొస్తానా నీకు, అని స్క్రిప్టులో లేని మాట అడిగింది. నేను ఉన్నదంతా కక్కేశాను. జ్వరం తగిలినప్పుడల్లా గుర్తొస్తావన్నాను. నువ్వు లేకుండా కాపురం చెయ్యడం అలవాటైందిగానీ ఇష్టం కాలేదన్నాను. ఇద్దరం మంచం మీదే కావలించుకుని ఏడ్చాం. మా ఆయన చాలా ఇబ్బందిపడి, నది చూసే సమయం దాటిపోతోందన్నాడు.

అన్నిటికన్నా బాగా కుదిరింది చివరి దృశ్యం, రైల్వే స్టేషను. నేను మళ్ళీ రా అక్కా అంటాను. అక్క తప్పకుండా అంటుంది, రైలెక్కుతుంది, కిటికీలోంచి చేతిరుమాలు ఊపుతుంది. పళ్ళావిడ రుమాలు ఊపితే మా ఆయనకే కళ్ళు చెమర్చేవి. ఆ దృశ్యానికి లోటు రాకూడదని సాయంత్రం రైలుకి అక్క పేరున టికెట్ కూడా ముందే కొనేశాడు.

ఆదివారం పొద్దున ముగ్గురం స్టేషనుకి వెళ్ళాం. పళ్ళావిడెందుకంటే, అసలు పాత్రధారికి ఏదైనా అయితే బదులు వేషం చేతికందేలా ఉండాలట. అక్క దిగింది. ఒక చేతిలో సంచి, రెండో చంకలో దిండు.

ఆ దిండుని నేను వందమందిలో ఉన్నా గుర్తుపడతాను. రాయిలాంటి దిండు. చిన్నప్పుడు దాంతో మొత్తించుకున్న వీపు ఇది. అది తల కింద లేకపోతే అక్కకి నిద్ర పట్టదు. గుర్తుపట్టానే గానీ, పొద్దున దిగి సాయంత్రం పోయే మనిషికి దిండెందుకని నా బుర్రకి తట్టలేదు. ఊళ్ళోవాళ్ళ చూపుకి లెక్కలు కట్టే ఉద్యోగం నాది. మా ఆయన దిండు వంక అనుమానంగా చూసి, ఆ వస్తువు స్క్రిప్టులో లేదని నా చెవిలో ఊదాడు. తర్వాత అక్కకి నమస్కారం పెట్టి, జేబులోంచి సాయంత్రం రైలు టికెట్ తీసి, బహుమతి ఇస్తున్నట్టు రెండు చేతులా అందించాడు.

అక్క ఆ టికెట్‌ని చాలాసేపు చూసింది. అటూ ఇటూ తిప్పి, మడిచి, దిండు గలీబులో పెట్టుకుంది.

“ముందు ఇంటికి వెళ్దాం,” అంది.

ఇంటికి వెళ్ళే దృశ్యం లేదు. ఎలా ఉంటుంది, మా రిహార్సల్లో ఇల్లే ఊరాయె. మా ఆయన ఆ సంగతి వినయంగా విన్నవించుకున్నాడు. అక్క నా మొహంలోకి చూసింది. నేను నా వంతు మాట అన్నాను, ఈరోజంతా నీదే అక్కా, ఊరంతా చూపిస్తాం. అక్షరం పొల్లుపోలేదు. పళ్ళావిడ మెచ్చుకోలుగా తలూపింది.

కోట దగ్గర బస్సు దిగాం. బస్సు ఆలస్యంగానే వచ్చింది, మొదటిది నిండిపోయే వచ్చింది, మా ఆయన గర్వానికి పట్టపగ్గాల్లేవు. కోట గోడ కనబడగానే అక్క, అబ్బో ఎంత ఎత్తో, అనాలి. అనలేదు. దిండు మరో చంకలోకి మార్చుకుంది. మా ఆయన ఆవిడ వెనక చేరి ‘అబ్బో’ అని అందించాడు. అక్క కదల్లేదు. ‘అబ్బో, ఎంత ఎత్తో’ అని మళ్ళీ అందించాడు. అక్క వెనక్కి తిరిగి, ఆయన గడ్డం పట్టుకుని, నోరు తెరవమని లోపలికి చూసింది.

“ఎప్పట్నుంచి ఇలా ఉంది మరిదిగారూ గొంతు? ఉప్పునీళ్ళు పుక్కిలించండి.”

ఆ మాట మా ఎవ్వరి దగ్గరా లేదు. అప్పుడే కోట కాపలాదారు దిండుని చూశాడు. దాన్ని లోపలికి తీసుకెళ్ళడానికి లేదన్నాడు. ఎందుకు లేదని నేను ఎగిరిపడ్డాను. గోడ మీద బోర్డు చూపించాడు. గొడుగు కూడదు, కర్ర కూడదు, కుక్క కూడదు, పెట్టె కూడదు అని ఉంది. దిండు కూడదని ఎక్కడుందయ్యా అన్నాను. లేదు కాబట్టే భయం అన్నాడు. ఉంటే ఆ వస్తువుతో ఏం చెయ్యాలో తెలిసేది, గొడుగుల గదిలోనో పెట్టెల గదిలోనో పెట్టించేవాడు, దిండుకి గది లేదు. పైగా దిండుతో వచ్చిన మనిషి ఎప్పుడు వెళ్తుందో ఎవరు చెప్పగలరు, కోట సాయంత్రం మూసెయ్యాలి, అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆరోజు ఊరు మొత్తమ్మీద బుర్ర ఉన్నవాడు వాడొక్కడే. అప్పుడు మాత్రం వాడి ఏడు తరాలవాళ్ళనీ తలుచుకున్నాను, లోపల్లోపల.

దిండు ఎవరి చేతికైనా ఇమ్మంటే అక్క ఇవ్వనంది. మీరు వెళ్ళి రండి, నేనిక్కడ బల్ల మీద కూర్చుంటానంది. నేనూ నీ దగ్గరే కూర్చుంటానని నా నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆయన అంతకన్నా ముందే వేరే మాట అందించాడు, ప్రదర్శన ఆగకూడదు. ఆయన చూపు పళ్ళావిడ మీద పడింది. పళ్ళావిడ అప్పటికే నడుం నిటారుగా పెట్టేసింది.

“ఈవిడెవరు?” అంది అక్క.

మా ఆయన సిగ్గుపడుతూ, మీరే వదినగారూ అన్నాడు. రిహార్సళ్ళ భాగోతమంతా చెప్పాడు. అక్క కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. పళ్ళావిడని తలనుంచి కాళ్ళదాకా పరీక్షగా చూసి, అయితే ఇంకేం, ఈవిడ చూస్తే నేను చూసినట్టే, వెళ్ళి రండి, అని దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆరోజు అలాగే గడిచింది. సిగ్గుచేటు గానీ చెప్పక తప్పదు. నేను మా అక్కని బయట బల్ల మీద కూర్చోబెట్టి, మా అక్క వేషం వేసిన పళ్ళావిడకి కోట చూపించాను. పళ్ళావిడ అబ్బో ఎంత ఎత్తో అంది, గోడలు ప్రతిధ్వనించాయి. సొరంగంలో భయపడాల్సిన చోట భయపడింది. బయటికి వచ్చి చూస్తే అక్క ఎవరో ముసలాయన కాలికి కట్టు కడుతోంది. మ్యూజియం దగ్గరా దిండుకి గది లేదు. అక్కడా అక్క బల్ల మీదే ఉండిపోయింది. మధ్యాహ్నం గుర్రం మీది రాజు నీడలో తిండి తినాలి. నేను అక్కకి ఎడమపక్క కూర్చోవాలని స్క్రిప్టులో ఉంది. మా ఆయన నన్ను తీసుకెళ్ళి పళ్ళావిడకి ఎడమపక్క కూర్చోబెట్టాడు. అసలు అక్క ఎదురుబల్ల మీద కూర్చుని తిన్నది. మధ్యలో ఒకసారి నా వైపు చూసి, మెల్లిగా నమలమన్నట్టు చేత్తో సైగ చేసింది. చిన్నప్పటి సైగ.

నేనెందుకు లేచి వెళ్ళి పక్కన కూర్చోలేదంటారా? నన్ను నేను ఎన్నోసార్లు అడుక్కున్నాను. రోజు పాడైపోతుందేమోనని భయం. పాడవకుండా ఉండడానికి ఇంకేం మిగిలిందని మాత్రం అప్పుడు అడుక్కోలేదు. పైగా పళ్ళావిడ చెయ్యి పట్టుకుంటే హాయిగా ఉండేది, ఆవిడ నేనేమంటే దానికి జవాబు చెప్పేది.

చివరగా రాజభవనం. అందులో ఒక పెద్ద గది, తాడు కట్టి ఉంచిన పందిరిమంచం, దాని మీద పాతబడి వెలిసిపోయిన దిండు. పక్కన చిన్న పలక. నాకు చదివే జబ్బు ఉంది కదా, అక్షరాలు కనబడితే చివరి వరస దాకా చదివితే గానీ వదలను. రాజుగారు ఈ దిండు లేనిదే నిద్రపోయేవారు కారు, ఏ ఊరు వెళ్ళినా ముందు దిండు వెళ్ళేది, దిండు దిగిందంటే రాజుగారు ఆ ఊళ్ళో ఉంటారని ప్రజలు గ్రహించేవారు, అని ఉంది. మూడుసార్లు చదివాను. పళ్ళావిడ తన మాట తాను చెప్పేసి నా వంతు కోసం ఎదురుచూస్తోంది. మా ఆయన వెనకనించి ‘ఎంత వైభోగమో అక్కా’ అని అందిస్తున్నాడు. నాకు చెవుల్లో ఏమీ దూరలేదు. ఎంత వైభోగమో అక్కా అని ఎవరితోనో అన్నాను.

బయటికొచ్చి అక్కని చూశాను. దిండు మీద మోచేతులు ఆనించి వచ్చేపోయే జనాన్ని చూస్తోంది. చాలా అలిసిపోయినట్టుంది. అయిందా అంది. అయిందన్నాను. బాగుందా అని అడిగింది. మా అక్క నన్ను ఊరు బాగుందా అని అడుగుతోంది. అందరం స్టేషనుకి బయల్దేరాం.

రైలు నిలబడి ఉంది. అక్క గలీబులోంచి టికెట్ తీసి పళ్ళావిడకిచ్చి, సంచి కాస్త నా సీట్లో పెట్టి రండమ్మా, మీకు అలవాటే కదా, అంది. పళ్ళావిడ పెట్టెలోకి ఎక్కింది. మా ఆయన అలవాటు కొద్దీ స్తంభం చాటుకి వెళ్ళి నిలబడ్డాడు. ప్లాట్‌ఫారం మీద అక్కా, నేనూ, దిండూ మిగిలాం. మళ్ళీ రా అక్కా, అనాలి నేను. నోరు తెరిచాను. దిండు కనబడింది. నోట్లోంచి ఇంకేదో వచ్చింది.

“దిండెందుకు తెచ్చావక్కా?”

“తల కింద పెట్టుకోడానికి.”

“సాయంత్రం రైలుకి పోయేదానివి కదా.”

“టికెట్ నేను కొన్నానా?” అంది అక్క. కోపంగా అనలేదు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు అంది. క్వార్టర్సు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలట. సామానంతా ఆసుపత్రిలోవాళ్ళకి పంచేసిందట. మిగిలింది ఆ సంచీ, ఈ దిండూ. “చూసి పోతానంటే, చూసి, కుదరకపోతే పోతానని. చూశా. బాగానే చూసుకున్నారు. ఉండేవాళ్ళకి ఎవరూ ఊరు చూపించరే. పోయేవాళ్ళకే చూపిస్తారు.”

మా అక్క అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నా దగ్గర ఉన్న మాటలన్నీ పళ్ళావిడకి చెప్పేసుకున్నాను, మంచం మీద నిలబడి. స్తంభం చాటునించి ‘మళ్ళీ రా అక్కా’ అని గుసగుస వచ్చింది. నేను పలకలేదు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పలకలేదు. తర్వాత స్క్రిప్టులో ఎక్కడా లేని మాట వచ్చింది, అదీ వణుకుతూ.

‘ఉండిపో అక్కా.’

ఇన్నేళ్ళ ఉద్యోగంలో రాసి లేని మాట ఆయన అందించడం అదే మొదలు. నేను అది పట్టుకుని, ఉండిపో అక్కా అన్నాను.

అక్క స్తంభం వైపు చూసింది, నా వైపు చూసింది.

“అది నీ మాటా, ఆయన మాటా?”

నాకు నిజంగా తెలియదు. అక్క గొంతు పెంచి, మరిదిగారూ, మీరు అలా ఆ నీళ్ళ కుళాయి దాకా వెళ్ళి నిలబడండి, అని వార్డు ఖాళీ చేయించినట్టు చెప్పింది. ఆయన వెళ్ళాడు. అంత దూరాన నిలబడి కూడా పెదాలు కదుపుతూనే ఉన్నాడు, కానీ ఇంజను రొదలో ఏమీ వినబడలేదు.

“ఇప్పుడను,” అంది అక్క.

ఇంజను కూత వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేను, అందరి మీదా.

“ఇల్లు ఖాళీ చెయ్యమన్నారని ఫోన్లో చెప్పడానికి నోరు పడిపోయిందా నీకు?” అన్నాను. “పొద్దున్నించీ ఎండలో బల్ల మీద కూర్చుంటావా? నేను మొద్దునని నీకు తెలీదా, నువ్వే కదా పెంచావు? చిన్నగది కడిగి కూర్చున్నాను. ఎవరికోసమో తెలీకుండానే కడిగాను. నువ్వు రైలెక్కితే నేను నీ మొహం చూడను. ఆ దిండు ఇటియ్యి.”

అక్క మొహంలో పొద్దున్నించీ బిగబట్టి ఉన్నదేదో వదులైంది.

“ఆఁ,” అంది. “ఇది నీ మాటే.”

దిండు నా చేతుల్లో పెట్టింది. ఇప్పటికీ రాయిలాగే ఉంది. దాన్ని గుండెకి అదుముకుని నేను ఏడుస్తుంటే, అక్క నా నాడి పట్టుకుని లెక్కపెట్టింది.

అప్పుడు రైలు కదిలింది. మేం తలెత్తి చూసేసరికి పెట్టె కిటికీలోంచి పళ్ళావిడ చేతిరుమాలు ఊపుతోంది. కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ సంచి సీట్లో పెట్టి, పక్కన కూర్చుని, పాత్రలో అంతగా లీనమైపోయిందట, బండి కదిలేదాకా దిగాలన్న ధ్యాసే లేదట. తప్పకుండా వస్తాను అని అరిచింది. నీళ్ళ కుళాయి దగ్గర మా ఆయన టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. రైలు కనుమరుగయ్యాక మా దగ్గరికి వచ్చి, చివరి దృశ్యం ఒక్క తప్పు లేకుండా జరిగింది, అని గుసగుసగా చెప్పాడు. పక్కనే నిలబడ్డ అక్కని చూసి కాస్త తడబడ్డాడు గానీ, వెంటనే సర్దుకుని సంచి కోసం చెయ్యి చాచాడు. సంచి రైల్లో పోయింది. నా చేతుల్లోంచి దిండు అందుకోబోతే అక్క చేతి మీద ఒక్కటిచ్చింది.

పళ్ళావిడ మర్నాడు తిరిగొచ్చింది, సంచి సహా. మీ అక్కయ్యగారి ఊరు కూడా చూసొచ్చాను, క్వార్టర్సు గాలీ వెలుతురూ బాగున్నాయి, పక్కింటివాళ్ళు నన్ను భోజనానికి ఉంచేశారు, అంది. అక్క ఆవిడకి నాలుక చూపించమని చెప్పి, రక్తం తక్కువగా ఉందని తేల్చింది. ఇప్పుడు పొద్దు పోకపోతే ఇద్దరూ మా మెట్ల మీద కూర్చుంటారు. ఆవిడ మాట్లాడుతుంది, అక్క వింటుంది. మా ఆయన పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాడు. గొంతు కొంచెం తెరుచుకుంది. మొన్న సమాజంలో ఒక నటుడు మాట మరిచిపోతే ఈయన అందించింది చివరి వరస దాకా వినబడిందని, ఇలా అయితే ఉద్యోగం కష్టమని చెప్పారట.

అక్క చిన్నగదిలో ఉంటోంది. ఆ గదిని మా ఇంట్లో ఇప్పటికీ రాజభవనం అనే అంటాం. అసలు రాజభవనం మాత్రం అక్క ఇంకా చూడలేదు. ఇక్కడే ఉంటుంది కదా, ఎప్పుడైనా చూడొచ్చు.